ఇంగ్లీషు నుడికారాల అర్థం తెలిసినా, వాక్యంలో పెట్టేసరికి ఎందుకు తేడా కొడుతోంది?

తెనాలి_ట్యూషన్ రాశారు:

నేను డిగ్రీ విద్యార్థులకు పోటీపరీక్షల కోసం ఇంగ్లీషు చెబుతుంటాను. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో ఇడియమ్స్ మీద వచ్చే ప్రశ్నలకు మా పిల్లలు నాలుగు జవాబుల్లోంచి సరైనదాన్ని ఇట్టే పట్టేస్తారు. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడం, ‘స్పిల్ ద బీన్స్’ అంటే రహస్యం బయటపెట్టడం అని జాబితాలు జాబితాలుగా కంఠతా పట్టారు మరి. అదే నుడికారాన్ని పెట్టి సొంతంగా ఒక వాక్యం రాయమంటే మాత్రం కథ అడ్డం తిరుగుతోంది. మొన్న ఒక అమ్మాయి ‘ద బకెట్ వజ్ కిక్‌డ్ బై హిజ్ గ్రాండ్‌ఫాదర్’ అని రాసింది. తప్పని కొట్టేస్తే, ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అని పత్రికల్లో రాస్తున్నారు కదా సార్, అక్కడ ఒప్పయినది ఇక్కడ ఎందుకు తప్పయింది అని అడిగింది. రెండింటిలోనూ సకర్మక క్రియ ఉంది, కర్మ ఉంది, వ్యాకరణం ప్రకారం చూస్తే రెండూ కర్మణి ప్రయోగానికి లొంగాలి. ‘అది అంతేనమ్మా’ అని చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. దీనికి ఏదైనా సూత్రం ఉందా?

భాషాశాస్త్రం_హైదరాబాద్ రాశారు:

మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న మీద భాషాశాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు, కాబట్టి ఆ అమ్మాయిని ముందుగా మెచ్చుకోండి. 1994లో నన్‌బర్గ్, శాగ్, వాసో అనే ముగ్గురు ‘లాంగ్వేజ్’ అనే పరిశోధన పత్రికలో రాసిన వ్యాసాన్ని ఈ విషయంలో ఇప్పటికీ ఆధారంగా చూపుతారు. వారు చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. నుడికారాలన్నీ ఒకే తీరువి కావు. కొన్నింటిలో మొత్తం అర్థం మాటల మధ్య పంపకమై ఉంటుంది. ‘స్పిల్ ద బీన్స్’లో ‘స్పిల్’ అంటే బయటపెట్టడం, ‘బీన్స్’ అంటే రహస్యాలు అని మనం వాటాలు వేయగలం. ‘కిక్ ద బకెట్’లో అలాంటి పంపకం లేదు. చనిపోవడం అనే ఒక్క అర్థం ఆ మాటల గుంపు మొత్తానికి ఉమ్మడి ఆస్తి. అందులో బకెట్ వాటా ఇంత అని చెప్పలేం. వాటా ఉన్న మాటను వాక్యంలో ముందుకు తేవచ్చు, దానికి విశేషణం తగిలించవచ్చు, తరువాతి వాక్యంలో దాన్ని సర్వనామంతో సూచించవచ్చు. వాటా లేని మాటను ముందుకు తెస్తే వినేవాడికి నిజమైన బకెట్టే కనిపిస్తుంది.

ఇది తెలుగులోనూ అచ్చంగా ఇలాగే పనిచేస్తుంది కాబట్టి పిల్లలకు తెలుగులోనే చూపించండి. ‘గుట్టు రట్టు చేశాడు’, ‘గుట్టు రట్టయింది’, ‘రట్టయిన గుట్టు’, ‘వాళ్ల గుట్టంతా రట్టయింది’ అని ఎన్ని రకాలుగా తిప్పినా నుడికారం చెడదు, ఎందుకంటే అందులో గుట్టు అంటే గుట్టే. ఇక ‘బాల్చీ తన్నేశాడు’ అని మనవాళ్లు వేళాకోళంగా అంటారు కదా, దాన్ని ‘అతడు తన్నేసిన బాల్చీ’ అని మార్చి చూడండి. స్నానాల గదిలో దొర్లిపోయిన ప్లాస్టిక్ బాల్చీ తప్ప మరేమీ మిగలదు.

ఇంకొక చిన్న విషయం కూడా గమనించదగినది. ‘హి వజ్ డయింగ్ ఫర్ త్రీ వీక్స్’ అనవచ్చు కానీ, ‘హి వజ్ కికింగ్ ద బకెట్ ఫర్ త్రీ వీక్స్’ అంటే ఇంగ్లీషువారికి చెవికి గుచ్చుకుంటుంది. తన్నడమనేది ఒక్క క్షణంలో ముగిసే పని. బకెట్‌కు అర్థంలో వాటా లేకపోయినా, తన్నులోని ఆ క్షణికత మాత్రం నుడికారంలో మిగిలిపోయింది. కాబట్టి అర్థం తెలియగానే మాటల సొంత స్వభావం పూర్తిగా చచ్చిపోయిందని అనుకోకూడదు.

లెక్కల_మాస్టారు రాశారు:

వినడానికి బాగానే ఉంది గానీ, దీన్ని సూత్రం అనడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. బీన్స్‌కు రహస్యాలు అనే అర్థం ఉందని మనకు ఎలా తెలిసింది? ఆ నుడికారాన్ని తిప్పి రాయడం చూశాం కాబట్టి తెలిసింది. తిప్పి రాయవచ్చని ఎలా తెలిసింది? బీన్స్‌కు అర్థం ఉంది కాబట్టి. ఇలా చుట్టూ తిరిగి మొదటికే వచ్చే వాదనను మా సబ్జెక్టులో నిరూపణ అనరు. మొదటిసారి ఒక నుడికారాన్ని చూసిన విద్యార్థి అందులో వాటాలు ఉన్నాయో లేదో ఎలా కనిపెట్టాలి?

భాషాశాస్త్రం_హైదరాబాద్ రాశారు:

మాస్టారూ, మీ ఆక్షేపణలో న్యాయం ఉంది, అందుకే నేను దీన్ని నియమం అనకుండా మొగ్గు అని మాత్రమే అంటాను. అయినా విద్యార్థికి పనికొచ్చే పరీక్ష ఒకటి ఉంది. నుడికారం పక్కన దాని అర్థాన్ని అంతే నిర్మాణంలో మామూలు ఇంగ్లీషులో రాసి చూడాలి. ‘బరీ ద హాచెట్’ పక్కన ‘ఎండ్ ద క్వారెల్’ అని రాస్తే, పూడ్చడానికి ముగించడం, గొడ్డలికి తగవు చక్కగా ఎదురుబొదురుగా కూర్చుంటాయి. అందుకే ‘ద హాచెట్ వజ్ బరీడ్’ అనవచ్చు. ‘పుల్ స్ట్రింగ్స్’ పక్కన ‘యూజ్ కనెక్షన్స్’ అని రాస్తే అక్కడా పొసుగుతుంది కాబట్టి, ‘హి పుల్డ్ ఎ ఫ్యూ స్ట్రింగ్స్’ అని మధ్యలో మాట చేర్చవచ్చు, ‘ద స్ట్రింగ్స్ హి పుల్డ్’ అని తిప్పవచ్చు. ‘చ్యూ ద ఫ్యాట్’, ‘షూట్ ద బ్రీజ్’ పక్కన మాత్రం ‘చాట్’ అనే ఒక్క మాటే వస్తుంది. ఫ్యాట్‌కు, బ్రీజ్‌కు ఎదురుగా కూర్చోబెట్టడానికి ఏమీ దొరకదు. అవి కదలవు.

ఈ పరీక్షను తెలుగు అర్థంతో మాత్రం చేయకూడదు. చనిపోవడాన్ని మనం ‘ప్రాణం విడవడం’ అని రెండు మాటల్లో చెబుతాం కాబట్టి, బకెట్ అంటే ప్రాణం కాబోలని విద్యార్థి పొరబడే ప్రమాదం ఉంది. పైగా అచ్చం ‘ప్రాణం విడవడం’ లాంటిదే ఇంగ్లీషులో మరొకటి ఉంది, ‘గివ్ అప్ ద ఘోస్ట్’. అందులో ఘోస్ట్ అంటే పాత అర్థంలో ఆత్మ. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఏసుక్రీస్తు ప్రాణం విడిచిన ఘట్టంలో ఈ ప్రయోగం ఉంది. ఇక్కడ వాటాలు స్పష్టంగా కనిపిస్తున్నా, ‘ద ఘోస్ట్ వజ్ గివెన్ అప్’ అని ఎవరూ అనరు. మాస్టారు గారి అనుమానానికి ఇది మంచి సాక్ష్యమే. ఇప్పుడు ఆ మాటను మనుషుల కంటే ఎక్కువగా మూలనపడిన మోటారు, పాత లాప్‌టాప్ వంటివాటి గురించే వాడుతున్నారు.

డాలస్_గోదారి రాశారు:

నిర్మాణం గురించి చర్చ బాగుంది కానీ, తెనాలి గారి విద్యార్థిని వాక్యంలో నాకు మొదట తగిలిన తప్పు కర్మణి ప్రయోగం కాదు, తాతగారు. ఎవరి తాతగారైనా పోతే ‘హి కిక్‌డ్ ద బకెట్’ అనడం, తెలుగులో సంతాపం చెప్పడానికి వెళ్లి ‘మీ తాతగారు టపా కట్టేశారటగా’ అనడం ఒకటే. మన గైడు పుస్తకాల్లో దాని ఎదురుగా ‘టు డై’ అని మాత్రమే ఉంటుంది. అది ఎకసెక్కపు మాట అన్న ముక్క ఎక్కడా ఉండదు. ఇక్కడ ఆఫీసులో ఎవరింట్లోనైనా మరణం సంభవిస్తే ‘పాస్‌డ్ అవే’ అంటారు, లేదా సూటిగా ‘డైడ్’ అంటారు.

అలాగే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ మన బడుల్లో వర్షాకాలం వచ్చిందంటే వినబడుతుంది గానీ, ఇక్కడి ఇరుగుపొరుగు నోట నేను విన్నది బహు తక్కువ. ‘ఇట్స్ పోరింగ్’ అనేస్తారు. వాళ్లు రోజూ వాడేవి వేరే ఉన్నాయి, అందులో సగం బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చినవే. ఉజ్జాయింపు లెక్కను ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటారు, ఒకసారి మాట్లాడుకుందాం అనడానికి ‘టచ్ బేస్’ అంటారు. క్రికెట్ చూసే మనకు ఇక్కడ ఒక తిరకాసు ఎదురవుతుంది. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ఆఫ్ (off) హిజ్ ఓన్ బ్యాట్’ అంటే ఎవరూ చెప్పకుండా తనంతట తానే చేశాడని అర్థం. అది క్రికెట్ మాట, తన బ్యాటుతో తానే చేసిన పరుగులు. అమెరికాలో ‘రైట్ ఆఫ్ ద బ్యాట్’ అంటే వెంటనే, మొదలుపెట్టీ పెట్టగానే అని అర్థం. అది బేస్‌బాల్ మాట. ‘ఓన్’ ఉందా, ‘రైట్’ ఉందా అన్నదాన్ని బట్టి అర్థం పూర్తిగా మారిపోతుంది.

నిఘంటువు_పురుగు రాశారు:

నేను ఇరవయ్యేళ్లుగా పిల్లల వాక్యాలు దిద్దుతున్నదాన్ని. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయే చోటు గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. నిఘంటువులో నుడికారాన్ని ఇచ్చేటప్పుడు ‘వన్స్’ (one's) అని ఒకచోట, ‘సమ్‌వన్స్’ (someone's) అని మరొకచోట రాస్తారు. చాలామంది ఆ తేడాను అలంకారంగా భావించి దాటేస్తారు గానీ, అందులోనే సగం వ్యాకరణం దాగి ఉంది. ‘వన్స్’ అని ఉంటే అది కర్త సొంతానికి సంబంధించినది. ‘లూజ్ వన్స్ టెంపర్’, ‘బైట్ వన్స్ టంగ్’, ‘బ్లో వన్స్ ఓన్ ట్రంపెట్’ వంటివన్నీ తన సహనం, తన నాలుక, తన బాకా అన్నమాట. ‘సమ్‌వన్స్’ అని ఉంటే అది ఇతరులది. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’లో ఎవరి కాలు వారు లాక్కోరు, ‘గెట్ ఆన్ సమ్‌వన్స్ నర్వ్స్’లో ఎవరి నరాల మీద వారు ఎక్కి కూర్చోరు.

ఇది తెలియక పిల్లలు ‘హి లాస్ట్ వన్స్ టెంపర్’ అని నిఘంటువులో ఉన్నది ఉన్నట్టు దింపేస్తారు. ‘వన్స్’ అనేది ఖాళీ గడి అనీ, కర్తను బట్టి ‘హిజ్’, ‘హర్’, ‘మై’, ‘దెయిర్’ అని నింపుకోవాలనీ ఎవరూ చెప్పకపోవడమే దానికి కారణం. తరువాత వచ్చే తప్పు బహువచనం దగ్గర వస్తుంది. కర్త బహువచనమైతే ‘దే మేడ్ అప్ దెయిర్ మైండ్స్’, ‘దే చేంజ్‌డ్ దెయిర్ మైండ్స్’ అని మైండ్ కూడా బహువచనంలోకి వెళ్తుంది. కానీ ధైర్యం కోల్పోవడం అనే అర్థంలో ఎంతమంది ఉన్నా ‘దే లాస్ట్ హార్ట్’ అనే అంటారు. దాని ముందు ‘దెయిర్’ పెట్టి, చివర ఎస్ చేరిస్తే వారు ప్రేమలో పడ్డారని అనుకోవలసి వస్తుంది.

ఆర్టికల్స్ సంగతి మరీ కష్టం, ఎందుకంటే తెలుగులో వాటికి సాటివచ్చేవి లేవు. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం; మధ్యలో ‘ద’ చేరి ‘టేక్ ద ప్లేస్ ఆఫ్’ అయితే ఒకరి స్థానంలోకి మరొకరు రావడం. ‘ఇన్ కేస్ ఆఫ్ ఫైర్’ అంటే నిప్పంటుకుంటే అని. ‘ఇన్ ద కేస్ ఆఫ్’ అంటే ఫలానా దాని విషయంలో అని. ‘ఔట్ ఆఫ్ ద క్వశ్చన్’ అంటే అసాధ్యం, ఆ మాటే ఎత్తవద్దని. అందులోంచి ‘ద’ను తీసేస్తే ఇప్పటి ఇంగ్లీషులో అది నిలబడదు. మీ జాబితాల్లో అర్థం గడి పక్కన ఆర్టికల్ కోసం ఎర్రసిరా వాడండి.

సామెతల_సంచి రాశారు:

నా ఉద్దేశంలో వీటి పుట్టుక కథలు చెబితే పిల్లలకు రూపం దానంతట అదే గుర్తుండిపోతుంది. పూర్వం ఇంగ్లండులో పూరిళ్ల కప్పుల్లో పిల్లులు, కుక్కలు తలదాచుకునేవనీ, పెద్ద వాన కురిస్తే జారి కింద పడేవనీ, అందువల్ల ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనే మాట పుట్టిందనీ వాట్సాప్‌లో చదివాను. కష్టాన్ని పళ్ల బిగువున భరించడం అనే అర్థంలో వాడే ‘బైట్ ద బుల్లెట్’ అయితే మన 1857 తిరుగుబాటులో సిపాయిలు పళ్లతో కొరకవలసి వచ్చిన ఎన్‌ఫీల్డ్ తూటాల నుంచి వచ్చిందట. ఇంతకంటే గుర్తుండే పాఠం ఏముంటుంది?

పాతపుస్తకాల_కొట్టు రాశారు:

సంచి గారూ, కథలు గుర్తుంటాయన్న మాట నిజమే, అబద్ధాలు మరీ బాగా గుర్తుంటాయి. పూరికప్పు కథ 1500ల నాటి జీవితం అనే పేరుతో 1999 ప్రాంతంలో ఈమెయిళ్లలో తిరిగిన ఒక కల్పిత వ్యాసంలోనిది. అందులోని చాలా కథలు అలాంటి గాలికబుర్లే. ఈ ప్రయోగం 1738లో అచ్చయిన జోనథన్ స్విఫ్ట్ సంభాషణల పుస్తకంలో మనకు తెలిసిన రూపంలోనే ఉంది. అది ఎలా పుట్టిందన్నదానికి తిరుగులేని ఆధారం లేదు. తూటా సంగతికి వస్తే, 1857లో సిపాయిలు కొరకవలసి వచ్చింది మందుగుండు చుట్టిన కాగితపు కొసను, సీసపు గుండును కాదు. పైగా కొరడా దెబ్బలు తినే సైనికుడు అరవకుండా ఉండటానికి గుండును నమిలేవాడన్న మాట 18వ శతాబ్దం చివరి నాటికే ఫ్రాన్సిస్ గ్రోస్ మోటుమాటల నిఘంటువులోకి ఎక్కింది. ‘కిక్ ద బకెట్’ కూడా 1785 నాటి గ్రోస్ నిఘంటువులో ‘టు డై’ అనే అర్థంతోనే ఉంది. వధించే పందులను వేలాడదీసే దూలాన్ని కొన్ని మాండలికాల్లో బకెట్ అనేవారనీ, అవి గిలగిలలాడుతూ దాన్ని తన్నేవనీ ఒక వాదం ఉంది. అది నిజమైతే నీళ్ల బకెట్‌కు దీనితో సంబంధమే లేదు.

కథతో రూపం గుర్తుంటుందన్నది కొన్నిచోట్ల నిజమే, కాదనను. ‘బై అండ్ లార్జ్’ ఓడల వాళ్ల మాట. ‘బై’ అంటే గాలికి వీలైనంత ఎదురుగా, ‘లార్జ్’ అంటే గాలి వెనుక వాటంగా ఉండగా ఓడ నడపడం. రెండు రకాలుగానూ బాగా నడిచే ఓడ అంటే మొత్తం మీద మంచిదని అర్థం. ఈ సంగతి తెలిస్తే ఒక విభక్తి లాంటి మాటను, ఒక విశేషణాన్ని ‘అండ్’తో ఎందుకు కలిపారన్నది అర్థమవుతుంది. అది తెలియనివారికి ఆ మూడు మాటలూ వ్యాకరణానికి లొంగని ముడి.

భాషాశాస్త్రం_హైదరాబాద్ రాశారు:

‘అండ్’ ప్రస్తావన వచ్చింది కాబట్టి జంటమాటల గురించి ఒక్క మాట చెబుతాను. ‘బ్యాగ్ అండ్ బ్యాగేజ్’, ‘పార్ట్ అండ్ పార్సెల్’, ‘హేల్ అండ్ హార్టీ’ వంటివాటిలో క్రమం మారదు, మధ్యలో ఆర్టికల్ దూరదు. మనకు ‘తట్టా బుట్టా’, ‘గొడ్డూ గోదా’ ఎలాగో వాళ్లకు ఇవి అలాగ. తట్టా బుట్టా సర్దుకొన్నాడని అంటాం గానీ, బుట్టా తట్టా అని అనం. గోద అంటే ఎద్దని ఇప్పుడు ఎందరికి తెలుసు? అయినా గొడ్డు వెంట ఆ మాట బతికే ఉంది. ఇంగ్లీషులో ‘కిత్ అండ్ కిన్’లోని కిత్ పరిస్థితీ అంతే. అది ఎరిగున్నవారిని సూచించే పాతమాట. ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు కాబట్టి రెండూ బంధువులే అనుకుంటారు.

పైన చెప్పిన మూడు ఇంగ్లీషు జంటల్లోనూ పొట్టిమాట ముందుంది, గమనించారా? ద్వంద్వ సమాసంలో తక్కువ అచ్చులున్న పదం ముందు రావాలని పాణిని ‘అల్పాచ్తరమ్’ అనే సూత్రంలో సంస్కృతం గురించి చెప్పినది, ఇంగ్లీషు జంటమాటల్లోనూ చాలావరకు నిలుస్తుంది. క్రమం విషయంలో అనుమానం వచ్చినప్పుడు పొట్టిమాటను ముందు పెట్టమని పిల్లలకు చెప్పవచ్చు.

వరంగల్_డిగ్రీ రాశారు:

నేను విద్యార్థినిని, పెద్దల మధ్య ఒక చిన్న సందేహం అడుగుతున్నాను. ‘గివ్ ఎ హ్యాండ్’ అంటే సాయం చేయడం అని చదివాను. కానీ తెలుగులో ‘నాకు చెయ్యిచ్చాడు’ అంటే నమ్మించి మోసం చేశాడని కదా అర్థం? మా స్నేహితురాలు ఇంగ్లీషులో కూడా అదే అర్థంలో ‘హి గేవ్ మి హ్యాండ్’ అని మెసేజ్ పెడుతుంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?

డాలస్_గోదారి రాశారు:

ఉన్నాయమ్మా. మీ స్నేహితురాలి వాక్యం ఇక్కడివారికి అసలు అర్థం కాదు, మధ్యలో ‘ఎ’ చేరిస్తే సరిగ్గా వ్యతిరేకార్థం వస్తుంది. ఆమె చెప్పదలచుకున్నది ‘హి లెట్ మి డౌన్’. సభల్లో ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే మాత్రం చప్పట్లు కొట్టమని. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ కూడా ఇలాంటిదే. అది సరదాగా ఆటపట్టించడం. పైకి వస్తున్నవాణ్ని కాళ్లు పట్టి కిందికి లాగడం అనే మన అర్థం అందులో లేదు, కాళ్లు పట్టుకొని బతిమాలడం అసలే లేదు. అదృష్టం కొద్దీ రెండు భాషలూ కలిసిన చోట్లూ ఉన్నాయి. పారిపోవడాన్ని మనం ‘కాలికి బుద్ధి చెప్పడం’ అంటే, వారు ‘టేక్ టు వన్స్ హీల్స్’ అని మడమలను నమ్ముకుంటారు.

నిఘంటువు_పురుగు రాశారు:

అందులోనూ ‘వన్స్’ ఉంది, చూశారా? ‘ద థీఫ్ టుక్ టు హిజ్ హీల్స్’ అని రాయాలి. కర్త ఒక్కడే అయినా హీల్స్ ఎప్పుడూ బహువచనమే, రెండు కాళ్లతోనే కదా పరిగెత్తేది. చేతులు దులుపుకోవడానికి దగ్గరగా ఉండే ‘వాష్ వన్స్ హ్యాండ్స్ ఆఫ్’ విషయంలో చివరి ‘ఆఫ్’ (of)ను పిల్లలు వదిలేస్తుంటారు. అది లేకపోతే ‘హి వాష్‌డ్ హిజ్ హ్యాండ్స్’ అనే వాక్యానికి అన్నానికి లేచాడన్న అర్థమే మిగులుతుంది.

తెనాలి_ట్యూషన్ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న క్లాసులో ‘గుట్టు’, ‘బాల్చీ’ ఉదాహరణలు బల్లమీద రాసి, నుడికారాల జాబితాను అర్థాలు లేకుండా ఇచ్చి, వేటిని తిప్పి రాయవచ్చో వారినే తేల్చమన్నాను. ‘లెట్ ద క్యాట్ ఔట్ ఆఫ్ ద బ్యాగ్’ను ఒక కుర్రవాడు ‘ద క్యాట్ ఈజ్ ఔట్ ఆఫ్ ద బ్యాగ్’ అని సొంతంగా మార్చాడు. లెక్కల మాస్టారు గారి ప్రశ్నను కూడా యథాతథంగా వారి ముందు పెట్టాను. దాని మీద వాదన ఇంకా తెగలేదు. ఒక్క నుడికారం దగ్గర మాత్రం నేను తీర్పు చెప్పలేదు. ఓటమి ఒప్పుకోవడానికి ‘త్రో ఇన్ ద టవల్’ అంటారు కదా, ‘ద టవల్ వజ్ త్రోన్ ఇన్’ అనవచ్చా?

భాషాశాస్త్రం_హైదరాబాద్ రాశారు:

అనవచ్చు గానీ, అలా రాస్తే చదివేవారికి ముందుగా బాక్సింగ్ బరి గుర్తుకొస్తుంది. దెబ్బలు తింటున్న మనిషి తరఫువారు పోటీ ఆపమని నిజంగానే బరిలోకి తువ్వాలు విసిరే ఆచారం ఇంకా ఉంది కాబట్టి, అక్కడ కర్మణి ప్రయోగం సహజంగా వినిపిస్తుంది. 19వ శతాబ్దంలో తువ్వాలుకు బదులు స్పాంజి విసిరేవారు, అప్పట్లో నుడికారం కూడా ‘త్రో అప్ ద స్పాంజ్’ అనే ఉండేది. వ్యాపారం మానుకొన్నవాడి గురించో, చదువు వదిలేసినవాడి గురించో రాసేటప్పుడు ‘హి త్రూ ఇన్ ద టవల్’ అని కర్తరిలోనే ఉంచండి. ‘ఇన్’ను చివరికి జరిపి ‘హి త్రూ ద టవల్ ఇన్’ అన్నా తప్పులేదు.